మా నిమ్మచెట్టు సంగతి

ఎన్నాళ్ళుగానో రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. వాయిదాకు బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఇందులో నేను చేసిన పొరపాటొకటి ఉంది. దాన్ని దాచి మిగతా కథ చెప్పడం కుదరదు. చెబుదామని కూర్చుంటే ఇన్నాళ్ళూ చేయి సాగలేదు.

మా ఇల్లు గాజువాకలో. ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ అయిన ఊళ్ళలో మాదీ ఒకటి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి వెళ్ళాక ఊరు ఒక్కసారిగా లేచిపోలేదు. ఏళ్ళ తరబడి ఒక్కొక్క గడపే కదిలింది. మా వంతు వచ్చినప్పుడు అమ్మ బిందెలతో, రోలుతో, దేవుడి పటాలతో పాటు పెరట్లో ఆఖరుసారి కోసిన నిమ్మకాయల్ని కూడా బండెక్కించింది. కొత్త స్థలంలో ఇంటికి పునాదులు పడకముందే, 1983లో, ఆ కాయల గింజలు నూతి పక్కన నాటింది. అంటుమొక్క కొనుక్కుందామని నాన్నగారంటే, "నిమ్మకి అంటెందుకు? గింజేస్తే తల్లే మళ్ళీ పుడతాది" అన్నదట. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అమ్మ బడికి వెళ్ళినది కాదు. ఆ మాటలో ఎంత శాస్త్రముందో నాకు తెలియడానికి ముప్ఫై ఆరేళ్ళు పట్టింది.

ఆ చెట్టు మా వీధికంతటికీ చెట్టే. జ్వరమొచ్చినవాళ్ళకూ, పులిహోర కలిపేవాళ్ళకూ, కొత్త స్కూటరు చక్రాల కింద కాయలు పెట్టుకునేవాళ్ళకూ అడగకుండా కోసుకునే హక్కు ఉండేది. దానికి జోడీగా ప్రహరీ అవతల, పొరుగింటివారి పెరట్లో, కరివేప చెట్టు. దాని కొమ్మలు సగం మావైపే వాలి ఉండేవి. వాళ్ళు మా నిమ్మకాయలు కోసుకునేవారు, మేము వాళ్ళ కరివేపాకు దూసుకునేవాళ్ళం. ముప్ఫై ఏళ్ళపాటు రెండు ఇళ్ళ మధ్య లెక్క సరిపోతూ వచ్చింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటిన రోజు మా ప్రాంతంవాళ్ళెవరూ మరచిపోలేరు. మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే ఊరు అగ్గి తగిలినట్టు ఉంది. పడిపోయిన చెట్లు పడిపోగా, నిలబడ్డవాటికి ఆకన్నది లేదు. మా నిమ్మచెట్టు ఒక పక్కకు ఒరిగి, వేళ్ళు సగం పైకి లేచి, ఆకు రాలి, మోడులా ఉంది. ఇద్దరు కుర్రాళ్ళను పిలిచి, తాడు కట్టి లాగించి, రెండు సరుగుడు వాసాలు పోటు పెట్టాను. ఇక బతకదనుకున్నాను. నెల తిరిగేసరికి కణుపు కణుపునా చిగురు వేసింది. అంత చిగురు ఆ చెట్టుకు ఎన్నడూ చూడలేదు. ప్రహరీ అవతల కరివేప కూడా అలాగే లేతాకులతో గుబురెక్కింది. అమ్మ పసుపూ కుంకుమా పెట్టింది. నేను ఫొటోలు తీశాను. మేము సంబరపడుతున్న ఆ చిగురు మీద మాకన్నా ముందే మరొకరి కన్ను పడి ఉంటుందని అప్పటికి తెలియదు.

ఇప్పుడు నా పొరపాటు. నాతో పాతికేళ్ళు ఒకే షాపులో పనిచేసిన మిత్రుడొకరున్నారు, అనంతపురం జిల్లావారు. పేరు చెప్పను, ఆయనకు ఇష్టముండదు. స్వగ్రామంలో నాలుగువందల చీనీ చెట్ల తోట ఉంది. (మనవైపు బత్తాయి అనే పండునే సీమలో చీనీ అంటారు. బత్తాయి అన్న పేరు బటేవియా నుంచి వచ్చిందని, సాత్‌గుడి అన్న రకం పేరు తమిళదేశంలోని సాత్‌ఘర్ ఊరినుంచి వచ్చిందని చెబుతారు. పండు మనదే, పేర్లు మాత్రం పరాయి ఊళ్ళవి.) 2016 జనవరిలో ఆయన రిటైరై వెళ్ళిపోతూ, ఇన్నేళ్ళు నీ ఇంటి నిమ్మకాయలతోనే నా మజ్జిగ గడిచింది, ఆ చెట్టు నాకొకటి కావాలి అన్నారు. నేను ముందు వానాకాలమే ఉబలాటంకొద్దీ రెండు కొమ్మలకు గాలి అంటు కట్టి ఉంచాను. బెరడు వలయంగా తీసి, తడి నాచు చుట్టి, ప్లాస్టిక్ కాగితంతో బిగించి కట్టడం నాకప్పుడు కొత్తగా అబ్బిన విద్య. గింజలిచ్చి ఉంటే సరిపోయేది. విద్య ప్రదర్శించాలి కదా! వేళ్ళు దిగిన రెండు అంట్లనూ గోనెలో చుట్టి రైలెక్కించాను. ఆయన వాటిని తోటలో మోటారు గది పక్కన నాటుకున్నారు.

2017లో మా చెట్టుకు తూర్పువైపు కొమ్మ ఒకటి పచ్చబడింది. పండాకు పసుపు కాదది. చెట్టంతా ఆకుపచ్చగా ఉండగా ఆ ఒక్క కొమ్మే పసుపు జెండా ఎత్తినట్టు కనబడేది. ఏడాదికి మరో రెండు కొమ్మలు. కాయలు గోళీలంత అయి, ఒక పక్కకు వంకర తిరిగి, కోస్తే రసం లేక, గింజలు నల్లగా తాలుపోయి ఉండేవి.

"ఏట్రా, సెట్టిలగైపోనాది? ఎవులి కన్నో పడింది" అని అమ్మ మిరపకాయలు దిగదుడిచింది. వీధిలోవాళ్ళు ఫ్యాక్టరీల పొగ అన్నారు. మావైపు ఏ చెట్టు ఎండినా పొగ మీదికి నెట్టెయ్యడం అలవాటు, చాలాసార్లు అదే నిజం కూడా. ఎరువుల కొట్టతను ఆకు చూసి జింకు లోపమన్నాడు. రెండేళ్ళు జింకు సల్ఫేటు పిచికారీ చేశాను. ఆకులు కాస్త కోలుకున్నట్టే కనబడి, తిరిగి మొదటికే వచ్చేవి. నిజం చెప్పాలంటే ఆ కొట్టతని తప్పేం లేదు. ఈ జబ్బును జింకు లోపమనుకోవడం లోకమంతా చేసిన పొరపాటే.

2019 సంక్రాంతికి మా చెల్లెలి కూతురు వచ్చింది. వ్యవసాయ కళాశాలలో చదువుతుండేది. కనుమనాడు అందరూ భోజనాలై నడుం వాల్చి ఉండగా పెరట్లోంచి పిలిచింది.

"మావయ్యా, ఒకసారి ఇలా రండి. జింకు లోపమని ఎవరన్నారు?"

చెప్పాను. ఒక ఆకు తెంపి, నడిమి ఈనె వెంబడి నిలువునా మడిచి వెలుగుకు పట్టింది. "లోపమైతే మచ్చలు ఈనెకు రెండు పక్కలా ఒకేలా ఉండాలి. అద్దంలో చూసుకున్నట్టు. ఇక్కడ చూడండి, ఒక పక్క పసుపు ఉన్నచోట రెండోపక్క పచ్చగా ఉంది. ఎక్కడా పొంతన లేదు."

నిజమే. రెండేళ్ళుగా రోజూ చూస్తున్న ఆకును మడిచి చూడాలని నాకు తోచలేదు.

తరువాత ప్రహరీ మీదుగా కరివేప కొమ్మ వంచి, చిటారు చిగురు నా కళ్ళద్దాల దగ్గరకు తెచ్చింది. ముందు ఏమీ కనబడలేదు. తరువాత నువ్వుగింజంత, గోధుమరంగు మచ్చల రెక్కలతో ఒక పురుగు. దాని కూర్చునే తీరు ఒకసారి చూస్తే మరచిపోము. తల ఆకుకు ఆనించి, తోక గాల్లోకి లేపి, ముల్లు గుచ్చినట్టు ఏటవాలుగా ఉంటుంది. ఆ పక్కనే ముడుచుకున్న లేతాకు విప్పితే పసుపుపచ్చని పిల్లపురుగులు, వాటి వెనకనుంచి మైనపు దారాల్లాంటి తెల్లటి పోగులు, ఆ పోగుల చివర తేనెబొట్లు. ఆ తేనెకోసం బారులు తీరిన చీమలు. ఆ చీమల్ని నేను ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను. చీమలు కదా అనుకున్నానే గాని, ఎందుకొచ్చాయని అడగలేదు.

"ఇది సిల్లా మావయ్యా. మీ చెట్టుకు గ్రీనింగ్ తెగులు అనుకుంటున్నాను. పరీక్ష చేయిస్తే గాని గట్టిగా చెప్పలేను."

ఆకులు తీసుకువెళ్ళింది. మూడు వారాలకు పీసీఆర్ పరీక్షలో ఉన్నట్టే తేలిందని ఫోను చేసింది. ఆ మూడు వారాలూ, ఆ తరువాతా నేను చదివినదంతా ఇక్కడ పెడితే మీరు టపా మూసేస్తారు. మా చెట్టుకు సంబంధించినంత మేరకే రాస్తాను.

ఈ పురుగును 1908లో కువాయామా అనే జపాను శాస్త్రజ్ఞుడు తైవాన్‌లో దొరికిన నమూనాలను చూసి వర్ణించి డయఫోరినా సిట్రి అని పేరు పెట్టాడు. తల్లిపురుగు గుడ్లు పెట్టేది చిగురులోనే; ముదురాకు దానికి పనికిరాదు. ఒక్కో తల్లి వందల గుడ్లు పెట్టగలదు. పిల్ల అయిదుసార్లు కుబుసం విడిచి రెక్కలు తెచ్చుకుంటుంది, వెచ్చని రోజుల్లో ఇదంతా రెండు మూడు వారాల పని. జబ్బుచెట్టు మీద పుట్టిన పిల్ల రసంతో పాటు ఒక బాక్టీరియాను పీల్చుకుంటుంది. అది పురుగు ఒంట్లోనే పెరుగుతుంది. ఇక ఆ పురుగు బతికున్నన్నాళ్ళూ ఏ నిమ్మజాతి చెట్టు మీద వాలితే ఆ చెట్టుకు దాన్ని ఎక్కించగలదు. ఆకుల్లో తయారైన తిండిని వేళ్ళకు చేరవేసే నాళాల్లో అది కాపురం పెడుతుంది. నాళాలు మూసుకుపోయి, వేళ్ళు తిండిలేక మాడిపోతాయి. ఎక్కిన తరువాత నెలలపాటు, కొన్నిసార్లు ఏళ్ళపాటు, చెట్టు పైకి నిక్షేపంగా కనబడుతుంది. నన్ను కుంగదీసిన వాక్యం ఇదే.

ఆ బాక్టీరియా పేరులో మొదటి మాట కాండిడేటస్. అంటే అభ్యర్థి అన్నమాట. ప్రయోగశాలలో విడిగా పెంచడం ఇంకా ఎవరికీ కుదరలేదు గనుక పూర్తి పేరు దక్కని సూక్ష్మజీవులకు పెట్టే బిరుదది. దేశదేశాల తోటల్ని కూల్చినా ఇంకా అభ్యర్థిగానే ఉంది.

చీనావాళ్ళు ఈ జబ్బును హువాంగ్‌లాంగ్‌బింగ్ అంటారు. పసుపు చిగురు జబ్బు అని అర్థం; పసుపు డ్రాగన్ అని కూడా చదువుకోవచ్చు. మా చెట్టుకు ఎగిరిన పసుపు జెండాను వాళ్ళు ఎప్పుడో చూసి పేరు పెట్టేశారు. 1956లో లిన్ కుంగ్ సియాంగ్ అన్న చీనా శాస్త్రజ్ఞుడు ఇది నేలలో లోపం కాదు, అంట్ల ద్వారా చెట్టునుంచి చెట్టుకు పాకే జబ్బు అని నిరూపించాడు. మన దేశంలో 1927లోనే హుస్సేన్, నాథ్ అనే ఇద్దరు పంజాబులో ఈ సిల్లా పాడుచేసిన తోటల గురించి వివరంగా రాశారు. వాళ్ళు పురుగు పీల్చుడే కారణమనుకున్నారు. నిమ్మజాతి తోటలు కొసకొమ్మలనుంచి ఎండుతూ చచ్చిపోవడాన్ని మనవాళ్ళు దశాబ్దాలపాటు నీటి మీదికి, నేల మీదికి, పోషకాల మీదికి నెట్టారు. 1966లో ఆస్ట్రేలియానుంచి లిలియన్ ఫ్రేజర్ వచ్చి చూసి, ఇందులో గ్రీనింగ్ పాలు పెద్దదని గుర్తించింది. మరుసటి ఏడే కపూర్, రావు, విశ్వనాథ్ అనే ముగ్గురు పుణేలో ఈ సిల్లాయే దాన్ని మోస్తోందని ప్రయోగం చేసి చూపారు. అంటే నేను పుట్టిన కాలానికే ఈ సంగతి తేలిపోయింది. ఎరువుల కొట్టుదాకా రావడానికి మాత్రం యాభై ఏళ్ళు సరిపోలేదు.

(నిమ్మకు జబ్బులు మోసే పురుగు ఇదొక్కటే కాదని కూడా అప్పుడే తెలిసింది. నల్లపేనుబంక ట్రిస్టెజా వైరస్‌ను మోస్తుంది. మన కాగజీ నిమ్మ దానికి ఎంత సుకుమారమంటే, ఆ వైరస్ ఉందో లేదో చూడటానికి లోకమంతా ఈ మొక్క ఆకుల్నే సాక్షిగా వాడుకుంటారు. ఆకుల్లో పాములాంటి గీతలు తవ్వే పురుగు తాను జబ్బు మోయకపోయినా, ఆ గాయాల్లోంచి గజ్జి తెగులు లోపలికి పోతుంది. చిగురాకు ఒక్కటి, కాచుకుని కూర్చున్నవాళ్ళు ఇందరు.)

కరివేపాకు దగ్గరికి వస్తాను. కరివేప, నిమ్మ, మారేడు, వెలగ అన్నీ ఒకే కుటుంబం. కరివేప శాస్త్రీయనామంలోని కోనిగీ అన్న మాట లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ పేరుమీద వచ్చింది. ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. వంటింట్లో తాలింపు వేసినప్పుడల్లా మనకు తెలియకుండా తెలుగునేలలో కలిసిన ఒక మనిషి పేరు తలుస్తున్నామన్నమాట. సరే, సంగతి ఏమిటంటే ఈ సిల్లాకు కరివేప చిగురు ప్రాణం. బాక్టీరియాకు కరివేప సరైన ఇల్లు కాదుగాని, పురుగుకు మాత్రం పురిటిల్లే. నిమ్మ ఏడాదికి కొన్నిసార్లే చిగురిస్తుంది. కరివేపను వీధంతా రోజూ దూస్తుంటే అది రోజూ చిగురిస్తూనే ఉంటుంది. మేమే పన్నెండు నెలలూ పురుగుకు ఉయ్యాల ఊపాము.

పొరుగాయనకు ఈ మాట చెప్పడం అంత తేలికేమీ కాలేదు. "అంటే మా చెట్టువల్ల మీ చెట్టు పోయిందంటారా?" అని ఆయన అడిగిన తీరులో కొంత నొప్పి ఉంది. కాదండీ, జబ్బు మా చెట్టులోనే ఉంది, పురుగు మీ చెట్టు మీద పెరిగి ఇటూ అటూ తిరుగుతోంది అన్నాను. మందు కొడదామా అని ఆయనే అడిగారు. రోజూ తినే ఆకు మీద ఏం కొడతాం? మా వడ్లపూడికి పెద్దపేరున్న ఊరొకటి గుంటూరువైపు ఉంది, పెదవడ్లపూడి. కరివేపాకు సాగుకు పేరుపొందిన ఊరు. మనదేశపు కరివేపాకులో పురుగుమందుల అవశేషాలున్నాయని ఐరోపావాళ్ళు తనిఖీలు పెంచిన సంగతి ఆ రోజుల్లోనే చదివాను. పురుగుకు భయపడి కొడితే మనం తినాలి, కొట్టకపోతే పక్కచెట్టు పోవాలి.

నా మేనకోడలు మరో దారి చెప్పింది. ఎండిపోయిన పిల్లపురుగుల్ని భూతద్దంలో చూపింది. కొన్నిటి వీపున, మెడకు దగ్గరలో, సూదితో పొడిచినంత గుండ్రటి కన్నం. టమారిక్సియా అనే చిన్న కందిరీగ సిల్లా పిల్లలకు అంటిపెట్టి గుడ్డు పెడుతుంది. దాని పిల్ల సిల్లాను తినేసి ఆ కన్నంలోంచి బయటపడుతుంది. ఇది మన ఉపఖండపు పురుగే. 1922లో పంజాబులోని లయల్‌పూర్ నమూనాలతో దానికి పేరు పెట్టారు. 1978లో దాన్ని భారతదేశంనుంచి రీయూనియన్ ద్వీపానికి తీసుకువెళ్ళి వదిలితే అక్కడ సిల్లా బెడద చాలావరకు అణిగిపోయింది. కాలిఫోర్నియావాళ్ళు 2011 చివర్లో పాకిస్తాన్ పంజాబునుంచి తెచ్చి వదిలారు. మన పెరట్లో అది పిలవకుండానే ఉంది. కాని మనం కొట్టే మందులకు ముందు చచ్చేది అదే, తేనెకోసం సిల్లాకు కాపలా కాసే చీమలు తరిమేదీ దాన్నే. కరివేప మొదలుకు చీమలు ఎక్కకుండా జిగురుపట్టీ చుట్టాము. వీధివాళ్ళను బతిమాలి, ఆకు రోజూ దూయకుండా నెలకు రెండుసార్లు కొమ్మలు కోసి పంచేటట్టు ఒప్పందం చేసుకున్నాము. ఒప్పందం సగం రోజులే నడుస్తుంది లెండి.

ఇవన్నీ చేస్తూ ఒక పని మాత్రం వెనక్కి నెడుతూ వచ్చాను. అనంతపురానికి ఫోను చేయాలి.

పరీక్ష ఫలితం వచ్చిన పదకొండో రోజున చేశాను. "ఏమప్పా, ఇన్నాళ్ళకు గుర్తొచ్చినామా?" అన్నారాయన. చెప్పాను. గాలి అంటులో కొమ్మతో పాటు జబ్బు కూడా నేరుగా వెళుతుందని, నేనిచ్చిన కొమ్మల్లో అప్పటికే ఉండి ఉండవచ్చునని, అక్కడి సిల్లా దాన్నుంచి చీనీ చెట్లకు మోసి ఉండవచ్చునని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, రెండింటిలో ఒకటి మొదటి ఎండాకాలమే పోయిందని, రెండోది మోటారు గది పక్క బాగానే ఉందని, దాని కాయలే ఇంట్లో వాడుతున్నారని చెప్పారు. "నీ చేత్తో ఇచ్చిన చెట్టును నా చేత్తో కొట్టమంటావు" అన్నారు. కొట్టమనే అన్నాను.

కొట్టి, కాల్చేశారు. అంతకుముందు దాని ఆకులూ, పచ్చబడిన అయిదు చీనీ చెట్ల ఆకులూ పరీక్షకు పంపారు. నిమ్మలో ఉంది. అయిదు చీనీల్లో మూడింట ఉంది. ఆ మూడూ మోటారు గదికి దగ్గరివి కావు, తోట అవతలి అంచువి. ఆ అంట్లు ఆయన చాన్నాళ్ళ క్రితం వేరే చోట కొన్నవి; కొన్ననాడు తల్లిచెట్టు ఆరోగ్యం సంగతి ఈయన అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. మావైపునుంచి వెళ్ళిందో, అక్కడే ముందునుంచీ ఉందో ఏ పరీక్షా చెప్పదు. "నీది కాదులే, మనసులో పెట్టుకోవద్దు" అని ఆయన ఫోనులో అన్నారు. నావల్ల కాదని ఆయనకెలా తెలుసు? నావల్లే అని నాకెలా తెలుసు? ఆ మూడు చెట్లనూ తీసేశారు. ఆ తరువాత మరికొన్ని కూడా తీయవలసి వచ్చిందని వేరేవాళ్ళ ద్వారా విన్నాను. ఆయన నాతో చెప్పలేదు.

ఈ పురుగు రెక్కలు చిన్నవి. మామూలుగా పక్కచెట్టుకు, గాలి తోడైతే ఇంకాస్త దూరానికి పోతుంది. గాజువాకనుంచి అనంతపురానికి దానంతట అది పోలేదు. రైలు టికెట్టు నేను కొన్నాను.

అమెరికాలో ఉన్న మిత్రులకు ఒక మాట. మా అమ్మాయి కూడా అక్కడే, కాలిఫోర్నియాలో. ప్రతిసారీ సూట్‌కేసులో ఆవకాయ జాడీ పక్కన కరివేపాకు పొట్లం పెట్టిచ్చేవాళ్ళం. విమానాశ్రయంలో పారేయించారని తెలిస్తే, ఆకుల్లో ఏం బాంబులున్నాయట అని నవ్వుకునేవాళ్ళం. 2008లో కాలిఫోర్నియాలో, శాన్ డియాగో ప్రాంతాన, సిల్లా మొదటిసారి కనబడింది. 2009లో ఫ్రెస్నోలో, పార్సెళ్ళ కేంద్రంలో, వాసన పట్టే కుక్క ఒకటి మనదేశంనుంచి వచ్చిన సంచి దగ్గర ఆగింది. అందులో కరివేపాకు, ఆకుల మీద బతికున్న సిల్లాలు. పరీక్షిస్తే వాటి ఒంట్లో ఆ బాక్టీరియా ఉంది. ఇక 2012లో ఆ రాష్ట్రంలో మొట్టమొదటి జబ్బుచెట్టు దొరికింది తోటల్లో కాదు, లాస్ ఏంజెలెస్ దగ్గర హసియెండా హైట్స్‌లో ఒక ఇంటి పెరట్లో. ఆ చెట్టుకు రకరకాల కొమ్మలు అంటుకట్టి ఉన్నాయట. నాలాంటి ఉబలాటపు మనిషే ఎవరో అయివుంటారు. చదివి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఫ్లోరిడా సంగతి చెబితే అంకెలే చాలు. జబ్బు 2005లో బయటపడింది. 2003-04లో 24.2 కోట్ల పెట్టెల నారింజలు పండించిన రాష్ట్రం 2022-23లో 1.58 కోట్ల పెట్టెల దగ్గర ఆగింది. తుపానుల దెబ్బ కూడా ఇందులో ఉందనుకోండి. అంత డబ్బూ, అన్ని ప్రయోగశాలలూ ఉన్నచోట కూడా చెట్ల మానులకు యాంటీబయాటిక్ సూదులు గుచ్చుతూ రోజులు నెడుతున్నారు. నయం చేసే మందు లేదు. మా అమ్మాయికి ఇప్పుడు కరివేపాకు ఇవ్వడం లేదు. ఇల్లాలికి నా మీద కోపం ఇంకా ఉంది.

2019 ఫిబ్రవరిలో మా చెట్టు కొట్టించాను. అమ్మకు అప్పటికి ఎనభై దాటాయి. చెప్పడానికి రెండు రోజులు మథనపడి, చివరికి వరండాలో ఆవిడ పక్కన కూర్చుని, పురుగు సంగతి, అంటు సంగతి, ఉంచితే వీధిలో ఇంకెవరి నిమ్మచెట్టూ బతకదన్న సంగతి చెప్పాను. అంతా విని, "గింజలకొస్తాదా ఆ జబ్బు?" అని అడిగింది.

నాకు తెలియదు. మేనకోడలికి ఫోను చేశాను. గింజల ద్వారా రాదని ఆమె చెప్పింది. అంతటితో ఆగక, నిమ్మగింజలో మొలిచే మొలకలు చాలావరకు పుప్పొడితో కలిసినవి కావనీ, తల్లిచెట్టు కణాల్లోంచే పుట్టినవనీ, అందుకే గింజ వేసినా తల్లి పోలికే వస్తుందనీ వివరించింది. ఫోను స్పీకరులో పెట్టి వినిపించాను. అమ్మ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "నాను సెప్నేదా" అంది.

పడమటి కొమ్మకు ఇంకా నదరైన కాయలు పదో పన్నెండో ఉన్నాయి. గొడ్డలి పడేముందు అవి కోయించింది. గింజలు ఎండనిస్తే మొలవవని, పిండిన పూటే ఆవిడే కూర్చుని కుండీలలో గుచ్చింది. మొలకలు వచ్చాక వాటిమీద మా పాత దోమతెర కప్పాము. సిల్లా దూరలేనంత సన్నని కంత కావాలని మేనకోడలు అంటే, అమ్మ తెరను రెండు మడతలు వేసి కుట్టింది. దోమలు మమ్మల్ని కుట్టినా ఫర్వాలేదన్నమాట.

అమ్మ 2021లో వెళ్ళిపోయింది. మొక్కల్లో ఒకదాన్ని పెద్ద డ్రమ్ములో వేసి మేడమీద ఉంచాను, తెరకు గడకర్రల చట్రం కట్టించాను. పూత సమయానికి తెర తీసి, చిగురు వస్తూనే వేస్తాను. వారానికోసారి భూతద్దం పట్టుకుని చిగుళ్ళు వెతకడం ఇప్పుడు నా ఆదివారం పని. ఒకసారి రెండు సిల్లాలు కనబడ్డాయి, వేళ్ళతోనే నలిపేశాను. కిందటేడు మొదటిసారి కాసింది, ఏడు కాయలు.

అనంతపురం మిత్రుడికి ఫోనులో ఆ కాయల ఫొటో పంపాను. ఏమనుకుంటారోనని భయపడుతూనే పంపాను. సాయంత్రం దాకా జవాబు లేదు. రాత్రి వచ్చింది: "అంటు వద్దు. గింజలు పంపు."

రెండు కాయల గింజలు కడిగి, తడిగుడ్డలో చుట్టి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి కొరియరు చేశాను. తోటలో వేయరట, ఊళ్ళో ఇంటి మిద్దె మీద తొట్టిలో వేస్తారట. దోమతెర ఎన్ని మడతలు వేయాలని అడిగారు.